సాయిబాబా కేసు: సాంక్షన్ (కేసు నడిపేటందుకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి) మీద కొట్టేసిండ్రు అంటే "టెక్నికల్‌గ తప్పించుకున్నట్టు" అనొచ్చా?

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ):

అన్నలకు అక్కలకు నమస్తే. మాది సిరొంచ తాలూకా, ఇంట్ల తెలుగు, చదివింది మరాఠీ మీడియం, ఇప్పుడు నాగపూర్‌ల ఎల్‌ఎల్‌బీ చేస్తున్న. మొన్న పండుగకు ఊరికి పోతే మళ్ల అదే లొల్లి, మావోయిస్టులతోటి సంబంధం ఉన్నదని ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా మీద పెట్టిన కేసు. మా పెదనాయన ఏమంటడంటే, "ఆయన తప్పు చెయ్యలేదని కోర్టు ఎక్కడన్నది, ఏదో కాగితం టైముకు లేదని వదిలేసిండ్రు, గంతే" అని. కాదు పెదనాయనా అంటే, ఎట్ల కాదో చెప్పు మరి, వకీలు చదువు చదువుతున్నవు గద అంటడు.

మాకు ఇది పేపర్ల చదివి పక్కకు పెట్టే కేసు కాదు. ఆయనది అమలాపురం, నౌకరీ ఢిల్లీ యూనివర్సిటీల, గానీ కేసు పుట్టింది మా అహేరిల, 2017 మార్చి 7న జన్మఖైదు పడ్డది గడ్చిరోలి సెషన్స్ కోర్టుల. ఆ తీర్పుల జడ్జి, నక్సల్ భయంతోని 1982 నుంచి ఈ జిల్లా చచ్చుబడి ఉన్నది, ఇండస్ట్రీలు రాలే, డెవలప్‌మెంట్ రాలే, జన్మఖైదు కూడ ఈ నేరానికి తక్కువే అని రాసిండు. అది చదివి మా దిక్కు చానామంది, సరిగ్గ రాసిండు అన్నరు, ఎందుకంటే జిల్లా గతి అయితే నిజంగనే గట్లనే ఉండె.

తర్వాత 2022 అక్టోబర్ 14న హైకోర్టు నాగపూర్ బెంచ్ సాంక్షన్ సరిగ లేదని అందరిని వదిలెయ్యమన్నది, తెల్లారి శనివారం సుప్రీం కోర్టు స్పెషల్‌గ కూసొని ఆ ఆర్డర్ ఆపేసింది, 2023 ఏప్రిల్‌ల తీర్పు మొత్తం రద్దు చేసి వేరే బెంచ్ మళ్ల వినాలె అన్నది, 2024 మార్చి 5న ఆ వేరే బెంచ్ కూడ నిర్దోషులే అన్నది. నా ప్రశ్న ఏందంటే, ఈ సాంక్షన్ అనేది నిజంగ అంత పెద్ద విషయమా, లేకపోతే మా పెదనాయన అన్నట్టు కాగితం ముచ్చటేనా? మళ్ల రెండోసారి కూడ అదే రిజల్ట్ వచ్చినప్పుడు మధ్యల ఆ ఏడాదిన్నర ఎందుకు పోయినట్టు? ఏ పార్టీ వాళ్లయినా సరే చెప్పుండ్రి, గానీ కేసు చదివినోళ్లు చెప్తే మంచిది.

బల్లార్షా_జంక్షన్:

తమ్మీ సాంక్షన్ గురించి వకీళ్లు చెప్తరు, నేనైతే మా ఊరి ముచ్చట ఒకటి చెప్త. ఈ కేసు మొదలైందే 2013 ఆగస్టుల. పోలీసులు ఏమన్నరంటే ఢిల్లీ జేఎన్‌యూ విద్యార్థి హేమ్ మిశ్రాను, ఇద్దరు ఆదివాసీ పిల్లలను ఆగస్టు 22న అహేరి బస్టాండ్ దగ్గర పట్టుకున్నం అన్నరు. మిశ్రా తరఫున ఏమన్నరంటే, కాదు, రెండు రోజుల ముందే బల్లార్షా స్టేషన్‌ల రైలు దిగినప్పుడే తీసుకపోయిండ్రు అని. మా స్టేషన్ తెల్సు గద, గ్రాండ్ ట్రంక్ లైను, ఢిల్లీ బండ్లు హైదరాబాద్ బండ్లు చెన్నై బండ్లు అన్ని ఆగుతయి, ఎవరు దిగిండ్రో ఎవరు ఎక్కిండ్రో ఎవరికి తెలుస్తది. నేను అనేది ఏందంటే బల్లార్షాకు అహేరికి నడుమ వంద కిలోమీటర్ల పైనే ఉంటది, మనిషిని ఎక్కడ పట్టుకున్నరు అన్న మొదటి ముక్క దగ్గరనే రెండు కథలు ఉన్నయి, ఇగ అక్కడి నుంచి సాయిబాబా ఇంటిదాక పోయిన తీగ ఎంత గట్టిదో మీరే చూసుకోండ్రి.

నాగపూర్_వకీలమ్మ:

తమ్మీ, నేను నాగపూర్‌లనే ప్రాక్టీస్ చేస్త, పుట్టిల్లు రాజురా దిక్కు. మీ పెదనాయన అన్న మాట 2022 తీర్పుకైతే కొంత సరిపోతది, 2024 తీర్పుకు సరిపోదు, జనం రెండిటిని ఒకటే చేసి మాట్లాడుతరు, టీవీల కూడ గట్లనే కలిపి చెప్పిండ్రు.

ముందు సాంక్షన్ ఏందో చూడు. ఉపా (యూఏపీఏ, చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) 45వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ముందుగ అనుమతి ఇస్తే తప్ప కోర్టు ఆ కేసును తీసుకోనే రాదు. 2008ల ముంబై దాడుల తర్వాత పార్లమెంటు ఈ చట్టాన్ని గట్టిగ చేసింది, బెయిలు దొరకకుండ చేసే 43డి(5) ఆ సవరణతోనే వచ్చింది. దాని ప్రకారం పోలీసు కాగితాలు పైకి చూస్తే ఆరోపణ నిజమే అనిపిస్తుంది అని జడ్జికి తోస్తే చాలు, బెయిలు ఇయ్యరాదు. మరి మనిషి ఏండ్లకేండ్లు లోపల ఉండిపోతడు గద, అందుకని అదే సవరణల ఇంకో మాట కూడ పెట్టిండ్రు, పోలీసులు జమ చేసిన సాక్ష్యాన్ని పోలీసులతోని సంబంధం లేని ఒక అథారిటీ చూడాలె, చూసి ఇది కేసు నడిపేటంత ఉన్నదా లేదా అని ప్రభుత్వానికి చెప్పాలె, దాన్ని చూసి ప్రభుత్వం సాంక్షన్ ఇయ్యాలె. ఆ అథారిటీకి 7 వర్కింగ్ డేస్, ప్రభుత్వానికి ఇంకో 7 వర్కింగ్ డేస్ అని 2008 రూల్స్‌ల ఉన్నది. అంటే బెయిలు తలుపు మూసిన చట్టమే ఈ ఒక్క కిటికీ తెరిచి పెట్టింది. ఈ కిటికీ కూడ మూసేస్తే ఆ మనిషి తరఫున ట్రయల్ అయ్యేదాక చూసేటోడు ఎవ్వడు ఉండడు. కాగితం ముచ్చట అనేటోళ్లు ఈ సంగతి మర్చిపోతరు.

ఈ కేసుల ఏమైందంటే, మిగిలిన ఐదుగురి మీద సాంక్షన్ 2014లనే వచ్చింది. సాయిబాబా మీద మాత్రం కోర్టు కేసు తీసుకొని, చార్జీలు పెట్టినంక, 2015 ఏప్రిల్‌ల వచ్చింది. అప్పటికి ఆయన అరెస్టయి (2014 మే 9) ఏడాది కావస్తున్నది. ఇగ ఆ అథారిటీ ఇచ్చిన రిపోర్టు చూస్తే కారణం లేదు, సాక్ష్యం ఏందో లేదు, చూసినం, సాంక్షన్ ఇయ్యొచ్చు అన్నట్టు చిన్న ఉత్తరం. 90 శాతం అంగవైకల్యం ఉన్న, వీల్‌చైర్ల మనిషిని జన్మఖైదుదాక తీసుకపోయే కేసుల చూసినం అన్న మాట ఒక్కటి సరిపోతదా?

ఇప్పుడు అసలు సంగతి. 2022ల జస్టిస్ రోహిత్ దేవ్, జస్టిస్ అనిల్ పన్సారే బెంచ్ ఈ సాంక్షన్ ఒక్కదాని మీదనే కేసు కొట్టేసింది. కానీ అట్ల కొట్టేస్తే, సరైన సాంక్షన్ తెచ్చుకొని ప్రభుత్వం మళ్ల కేసు నడిపియ్యొచ్చు, ఒకే నేరానికి రెండుసార్లు విచారణ వద్దు అనే రూల్ దానికి అడ్డం రాదు. అంటే పోలీసుల దగ్గర గట్టి సాక్ష్యం ఉంటే దారి తెరిచే ఉండె. ఆ దారి పట్టకుండ ప్రభుత్వం సుప్రీం కోర్టుకు పోయి, హైకోర్టు మెరిట్స్ (సాక్ష్యంల ఉన్న బలం) చూడనే లేదు, సాక్ష్యం చూస్తే వదలరాదు అని వాదించింది. శనివారం నాడు జస్టిస్ ఎం.ఆర్. షా, జస్టిస్ బేలా త్రివేది ఆపిండ్రు, ఇంట్ల నజర్‌బందీల అన్న ఉంచండ్రి అని అడిగితే అది కూడ కాదన్నరు. 2023ల కేసు వెనుకకు పంపుతూ సాంక్షన్‌తోటి పాటు అన్ని విషయాలు చూడుండ్రి అని సుప్రీం కోర్టు అన్నది.

సరే, 2024ల జస్టిస్ వినయ్ జోషి, జస్టిస్ వాల్మీకి మెనెజెస్ అన్ని చూసిండ్రు. మెరిట్స్ చూడాలె అని అడిగింది ప్రభుత్వమే, చూసినంక మెరిట్స్ మీద కూడ కేసు నిలబడలే. ఢిల్లీల సాయిబాబా ఇంట్ల సోదా చేసినప్పుడు పంచ్ సాక్షి (సోదా దగ్గరుండి చూడాల్సిన బయటి మనిషి) చదువు రానోడు, సోదా లోపల జరుగుతుంటే ఆయన బయట ఉన్నడు, తలుపు మూసి ఉన్నది. చుట్టు యూనివర్సిటీ, చదువుకున్నోళ్లు అంతమంది ఉంటే ఒక్కరిని పంచ్‌గ పెట్టుకోలేదేంది అని హైకోర్టు అడిగింది. సీజ్ చేసిన హార్డ్ డిస్కులు ఆయన ఇంట్లవేనని, అప్పటి నుంచి ఎవరు చెయ్యి పెట్టలేదని రుజువు కాలే. ఇంకో మాట కూడ అన్నది, నెట్ నుంచి మావోయిస్టు సాహిత్యం డౌన్‌లోడ్ చేసుకున్నంత మాత్రాన ఉపా కింద నేరం కాదు, ఫలానా హింసతోటి ఈ మనిషికి సంబంధం ఉన్నదని చూపియ్యాలె అని. ఆ సంబంధం ఎక్కడ చూపియ్యలే. సాంక్షన్ కూడ చెల్లదనే అన్నది.

మహారాష్ట్ర ప్రభుత్వం మళ్ల సుప్రీంకు పోయింది. మార్చి 11న జస్టిస్ గవాయ్, జస్టిస్ సందీప్ మెహతా అప్పీలు తీసుకున్నరు గానీ స్టే ఇయ్యలే, తీర్పు మంచిగ కారణాలతోటి రాసినట్టే ఉన్నది అన్నరు.

మీ పెదనాయనకు ఇట్ల చెప్పు: కాగితం మీద పోయింది మొదటిసారి, రెండోసారి పోయింది సాక్ష్యం లేక.

టేకు_ఆలపల్లి:

అక్కా మీరు చెప్పింది అంతా చదివిన. మీరు చట్టం తెల్సినోళ్లు, కాదనను. కానీ నేను ఎక్కడి నుంచి మాట్లాడుతున్ననో కూడ వినాలె. మా ఇంట్ల ఇద్దరు పోలీసుల ఉన్నరు, ఒకరు సీ-60ల, అంటే నక్సల్స్ మీద పోయే గడ్చిరోలి పోలీసు కమాండో దళంల. ఆ దళంల ఉన్నది అంతా ఇక్కడి పిల్లలే, మాడియా, గోండు, మన తెలుగోళ్లు, అడవి తెల్సినోళ్లు. 2009 అక్టోబర్ 8న లాహేరి దగ్గర 17 మంది పోలీసులు పోయిండ్రు. 2019ల మహారాష్ట్ర దినం నాడు, మే 1న, జాంభుల్‌ఖేడ దగ్గర బాంబు పేలి 15 మంది పోయిండ్రు, వాళ్లతోటి బండి నడిపే డ్రైవర్. ఆ డ్రైవర్ పోలీసు కూడ కాదు. ఊర్లల్ల ఇన్ఫార్మర్ అని పేరు పెట్టి రాత్రిపూట తీస్కపోయి చంపిన ఆదివాసీలు ఎంతమందో, వాళ్ల కోసం ఢిల్లీల ఎవరు మీటింగ్ పెట్టలే, శనివారం ఏ కోర్టు కూసోలే.

సాయిబాబా దోషి అని నేను అంటలేను, కోర్టు కాదన్నది, సరే. నా కడుపు మంట వేరే. పదేండ్లు కేసు నడిపి, ఇంత పెద్ద కేసు అని అందరికి చెప్పి, పంచ్‌ను లోపలికి పిలవాలె అనే సోయి లేకపోయిందా? సాంక్షన్ ముందు తేవాలె అని ఎవరికి తెల్వలేదా? అడవిల పోయి ప్రాణం పెట్టేది మా పిల్లలు, ఫైలు రాసేటోళ్లు ఏసీ రూంల కూసొని ఇంత నిర్లక్ష్యంగ రాస్తే, నిజంగ చేసినోడు కూడ రేపు ఇట్లనే బయటికొస్తడు. చెయ్యనోడు ఇట్లనే పదేండ్లు లోపల ఉంటడు. రెండు రకాల పోయేది మేమే.

నాగపూర్_వకీలమ్మ:

@టేకు_ఆలపల్లి తమ్మీ, నీ మాటల నాకు తేడా ఏం కనపడలే. నేను సాంక్షన్ కాగితం ముచ్చట కాదని చెప్పేది గదే. ఆ ఇండిపెండెంట్ అథారిటీ అనేది నిజంగ కూసొని ఫైలు చదివి, ఇగో ఈ పంచ్ సరిగ లేడు, ఈ హార్డ్ డిస్క్ ఎవరి దగ్గర ఎన్ని రోజులున్నదో రాయలేదు, వెనుకకు తీస్కపోయి సరిగ చేసుకరా అని 2014లనే అనుంటే రెండిట్ల ఒకటి అయ్యేది. సాక్ష్యం ఉంటే కేసు గట్టిపడేది. లేకుంటే ఆ ఆరుగురు అప్పుడే ఇంటికి పోయేటోళ్లు. లాహేరిల పోయినోళ్లకు కూడ న్యాయం అంటే అసలు చేసినోళ్లను రుజువుతోటి పట్టుకోవాలె గద, ఎవరో ఒకరు లోపల ఉన్నరు చాలు అంటే అది వాళ్లకు న్యాయం ఎట్ల అయితది.

సోదాల గురించి ఇంకోటి చెప్త, ఇప్పుడు చట్టం మారింది. 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) జాగల బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది, 105వ సెక్షన్ ప్రకారం సోదా, జప్తు రెండూ వీడియో తియ్యాల్సిందే, మొబైల్‌ల తీసినా సరే. లోపల ఏం దొరికింది, పంచ్‌లు ఎక్కడున్నరు అనేది ఇప్పుడు కోర్టు కండ్లతోటి చూడొచ్చు. మీ ఇంట్ల పోలీసులున్నరన్నవు, వాళ్లకు ఇది తప్పకుండ చెప్పు, వాళ్లకు కూడ ఇది రక్షణనే, రేపు బోనుల నిలబడి అబద్ధం అనిపించుకునే బాధ తప్పుతది.

చాందా_పంతులు:

నేను రిటైర్డ్ టీచర్‌ని, ఎటపల్లి తాలూకాల చాన ఏండ్లు పని చేసిన. మీరందరు సాయిబాబా సాయిబాబా అంటున్నరు, పాండు నరోటే పేరు ఒక్కరు ఎత్తలే. బల్లార్షా సారు ఇద్దరు ఆదివాసీ పిల్లలు అన్నడు చూడండి, అందుల ఒకడు. ఆయనకు కూడ జన్మఖైదే పడ్డది. 2022 ఆగస్టుల నాగపూర్ సెంట్రల్ జైల్ల ఉండంగ జ్వరం వచ్చి చనిపోయిండు. రెండు నెలలు కాకముందే అక్టోబర్ల హైకోర్టు మిగిలినోళ్లను వదిలెయ్యమన్నది. 2024ల మెరిట్స్ మీద నిర్దోషి అన్నప్పుడు ఆ తీర్పు ఆయనకు కూడ వర్తించింది, వినడానికి మనిషి లేడు.

సాయిబాబా గారికి ఢిల్లీల, హైదరాబాదుల, బయటి దేశాలల్ల అడిగేటోళ్లు ఉండిరి, అది తప్పని కాదు, అడగాలె. ఆయన పడ్డ కష్టం కూడ తక్కువది కాదు, 2020ల తల్లి చనిపోతే చూసుటానికి పెరోల్ ఇయ్యలే, 2021ల కాలేజీ నౌకరీల నుంచి తీసేసిండ్రు, బయటికొచ్చిన ఏడు నెలలకే, 2024 అక్టోబర్ 12న హైదరాబాద్ నిమ్స్‌ల పోయిండు. అయినా ఆయన మాట్లాడిండు, ప్రెస్ మీట్ పెట్టి జైల్ల అండా సెల్‌ల (ఒంటరిగ ఉంచే గదుల) ఏం జరిగిందో చెప్పిండు, నలుగురు రాసుకున్నరు. పాండు నరోటే లాంటి పిల్లలకు మరాఠీ కూడ బడిల నేర్చుకున్న భాషనే, ఇంట్ల మాడియా. నేను మొదటి తరగతికి చెప్పినప్పుడు పిల్లలు నా మొఖం చూసి నవ్వి ఊకునేటోళ్లు, పుస్తకంల ఉన్నది ఒక్క ముక్క అర్థం కాకపోయేది, మెల్లగ వాళ్ల మాట నేనే నేర్చుకున్న. అసొంటి మనిషి తన భాష కాని భాషల రాసిన చార్జిషీటు ముందు, మరాఠీల అడిగే ప్రశ్నల ముందు నిలబడితే ఏం అర్థమైతది, వకీలుకు ఏం చెప్తడు? సాంక్షన్ ఇచ్చే ముందు ఆ ఫైలు ఎవరన్న సరిగ చదవాలె అని వకీలమ్మ అన్నది చూడు, ఆ చదువుడు అవసరం ఎక్కువ ఉన్నది ఇసొంటోళ్లకు. పేరున్నోడి కోసం హైకోర్టుల మంచి వకీలు వచ్చి సాంక్షన్ తేదీలు వెతికి తీస్తడు, పేరు లేనోడికి ఎవరు తీస్తరు.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ):

సార్, అక్కా, అన్నా, అందరికి దండం. పాండు నరోటే సంగతి నాకు ఇంత వివరంగ తెల్వది సార్, మా క్లాసుల కూడ ఎవరు చెప్పలే. టేకు అన్నా, మీరు రాసింది మా పెదనాయనకు చదివి వినిపిస్త, ఆయన మనసుల ఉన్నది కూడ అదే అనుకుంట, మా దగ్గరి బంధువుల ఒకరు ఇన్ఫార్మర్ అనే పేరు మీదనే పోయిండు, అందుకే ఆయనకు అంత కోపం.

అక్కా ఒక్క డౌట్. పాత సీఆర్‌పీసీల 465 ఉండె గద, సాంక్షన్‌ల తప్పున్నా న్యాయానికి దెబ్బ తగిలితే తప్ప తీర్పు రద్దు చెయ్యరాదు అని. ప్రభుత్వం అది పట్టుకొని, నడిచిన ట్రయల్ నడిచింది, సాంక్షన్ లేటయితే ఏం నష్టమైంది అంటే ఏం చెప్పాలె? మూట్ కోర్టుల (కాలేజీల పెట్టే వాదన పోటీల) నాకు ప్రభుత్వం తరఫు వచ్చింది, అందుకే అడుగుతున్న.

నాగపూర్_వకీలమ్మ:

ప్రభుత్వం తరఫు వచ్చిందా, మంచిదే, అవతలి పక్కది గట్టిగ తెలుస్తది. నీకు 465 ఉన్నది, వాడు. ఇంకోటి కూడ ఉన్నది, 2024 సెప్టెంబర్ 23న ఫులేశ్వర్ గోప్ కేసుల, అది జార్ఖండ్ కేసు, సుప్రీం కోర్టు ఒక మాట అన్నది, సాంక్షన్ చెల్లదు అనేటోడు ఆ సంగతి వీలైనంత ముందుగ లేవనెత్తాలె, అన్ని అయిపోయినంక చివర్ల ఆయుధం లెక్క తియ్యరాదు అని. అది నీకు పనికొస్తది.

కానీ అవతలోడు అదే తీర్పును నీ మీద తిప్పుతడు చూసుకో, ఎందుకంటే ఆ 7 రోజులు, 7 రోజులు అనేది ఊకె రాసింది కాదు, తప్పకుండ పాటించాల్సిందే అని కూడ ఆ తీర్పులనే ఉన్నది. సాయిబాబా కేసు 2024 తీర్పు తీసి, సాంక్షన్ లేని ట్రయల్ నడుపుడే న్యాయానికి దెబ్బ అని హైకోర్టు అన్నది కూడ చదువుతడు. అప్పుడు జడ్జి నిన్ను అడుగుతడు, కోర్టు కేసు తీసుకునుడే ఆ అనుమతి మీద ఆధారపడి ఉన్నప్పుడు, అది లేకుండ తీసుకున్నంక దాన్ని 465 ఎట్ల కాపాడుతది అని. సాంక్షన్‌ల చిన్న లోపం వేరు, సాంక్షనే లేకపోవుడు వేరు, ఐదుగురి కేసు మొదటి దాంట్లకు వస్తది, సాయిబాబాది రెండో దాంట్లకు. నువ్వు ప్రభుత్వం తరఫు అయితే ఈ రెండిటిని కలవనియ్యకు, ఐదుగురి మీద నిలబడి వాదించు, అక్కడ నీకు కొంచెం నేల ఉన్నది. 2022ది, 2024ది రెండు తీర్పులు పూర్తిగ చదువు, నోట్స్ మీద ఆధారపడకు. ఆదివారం వరకు మెమోరియల్ (రాతల పెట్టే వాదన) రాసుకొని నాకు మెసేజ్ పెట్టు, చూస్త.